ఓబులేసు గారికి నేను మూసిన అంగళ్ళు

ఓబులేసు గారు ఇక లేరన్న వార్త ఆదివారం పొద్దున లింగంపల్లి కూరగాయల బజారులో నన్ను చేరింది. ఒక చేతిలో తోటకూర కట్ట, ఇంకో చేతిలో ఫోను. మా కొనుగోళ్ళ విభాగం వాట్సాప్ గ్రూపులో ఎవరో రెండు వాక్యాలు పెట్టారు. తెల్లవారుజామున గుండెపోటు, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒక బొమ్మ పెట్టబోయాను. వేలు ఆగిపోయింది. ఆ గ్రూపు కిందనే, శుక్రవారం ఆయన నాకు విడిగా పంపిన సందేశం కనపడింది. "పాపా, ఆ చేతొడుగుల సంగతి కొంచెం చూడమ్మా." చదివాను, జవాబివ్వలేదు. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు, భయం. తోటకూర అక్కడే పెట్టేసి నడిచి వచ్చేశాను. కూరలమ్మే అవ్వ "ఏమైంది బిడ్డా, ఏమైంది?" అని వెనక నుంచి పిలుస్తూనే ఉంది.

మన సంస్థ పత్రికకు ఆయన స్మృతిలో నాలుగు మాటలు రాయమని మిత్రులు నన్నే అడిగారు. "ఆయన ప్రియశిష్యురాలివి, నీకన్నా ఎవరికి తెలుసు?" అన్నారు. ఔను, నాకన్నా ఎవరికీ తెలియదు. ఆ మాట వాళ్ళు అనుకున్న అర్థంలోనూ నిజమే, అనుకోని అర్థంలోనూ నిజమే. ఇటువంటి వ్యాసాల్లో కీర్తిశేషుల ఔన్నత్యం రాస్తారు గానీ రాసేవాళ్ళ నిర్వాకం రాయరు. ఇందులో రెండూ ఉంటాయి. ఆయన గొప్పతనం మాత్రమే చదవాలనుకునేవారు మొదటి సగం చదివి ఆపేయవచ్చు, నేనేమీ అనుకోను.

కొత్తగా చేరినవారి కోసం ఆయన పని ఏమిటో చెప్పాలి. మనది మందుల సంస్థ. కర్మాగారం జీడిమెట్లలో, ప్రధాన కార్యాలయం ఇక్కడ హైటెక్ సిటీ అద్దాల మేడలో. పెన్ను మొదలు ఆమ్లం పీపా దాకా ఏది కావాలన్నా కొనుగోళ్ళ సాఫ్ట్‌వేర్‌లోనే అడగాలి. అందులో సరుకులన్నీ కేటలాగులుగా విడదీసి ఉంటాయి. కాగితాలది ఒకటి, కంప్యూటర్లది ఒకటి, రసాయనాలది ఒకటి, భద్రతా సామగ్రిది ఒకటి. ఓబులేసు గారు వాటిని కేటలాగులు అనేవారు కాదు, అంగళ్ళు అనేవారు. ఏ ఉద్యోగికి ఏ అంగడి తెరిచి ఉండాలి, ఏది మూసి ఉండాలి అని నిర్ణయించి అమర్చడం ఆయన బాధ్యత. మూసిన అంగడి మనకు మూసినట్టు కూడా తెలియదు. తెర మీద అసలు అటువంటిది లోకంలో ఉన్నట్టే ఉండదు. నేను ఉద్యోగంలో చేరిన రోజే ఆయన ఈ సంగతి చెప్పారు. "తాళం వేసిన తలుపైతే మనిషి తట్టనన్నా తడతాడు పాపా. మనం తాళం వేయడంల్యా, గోడ కడతాండాం. కట్టేముందు అవతల ఎవురుండారో చూసుకో."

ప్రొద్దుటూరు దగ్గరి పల్లె ఆయనది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తెల్ల చొక్కాలో ఉండేవారు. దువ్వడానికి తల మీద ఏమీ మిగలకపోయినా జేబులో దువ్వెన మాత్రం ఉండేది. "పాత స్నేహితుడు పాపా, ఎట్ల ఇడిచిపెడతాం?" అనేవారు. లింగంపల్లిలో కాపురం. పొద్దున్నే ఎమ్మెమ్టీఎస్ రైలు ఎక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి నడిచి వచ్చేవారు. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే చెనక్కాయల ఊర్బిండి పచ్చడి ఘుమఘుమకు అంతస్తంతా తల తిప్పేది. ఆ కారం తిని నేను ఎగపోస్తుంటే, "తెలంగాణోళ్ళు కారం తింటారని పేరే గానీ, ఇదేం తిండి పాపా!" అని ఆటపట్టించేవారు. "మాది కారం సార్, మీది శిక్ష" అని నేననేదాన్ని. అట్లా పోట్లాడుకుంటూనే ఆ డబ్బా ఇద్దరం ఖాళీ చేసేవాళ్ళం.

ఆయన పనితీరులో ఒక వింత ఆచారం ఉండేది. ఎవరికైనా ఒక అంగడి మూయాలంటే, ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్ళి ఆ మనిషి కుర్చీలో కూర్చునేవారు. మన సాఫ్ట్‌వేర్‌లో ఏ ఉద్యోగికి తెర ఎలా కనపడుతుందో మన బల్ల దగ్గరి నుంచే చూసే సదుపాయం ఉంది. అదొక్కటే చాలదనేవారాయన. "తెర ఈడ్నుంచి కనపడుతుంది. బల్ల మీద ఏముందో, ఆ మనిషి చేతిలో ఏముందో కనపడదు గదా." ఒకసారి జీడిమెట్ల పరీక్షల గదిలోని ఒక అమ్మాయి నెలనెలా గుట్టలకొద్దీ జిగురు టేపు అడుగుతోందని నేను పట్టుకున్నాను. కొత్తలో అందరికీ ఉండే ఉత్సాహం నాది. కాగితాల అంగడి ఆమెకు మూసేద్దామన్నాను. "పా, పోయి కూర్చుందాం" అని నన్ను వెంటబెట్టుకుని జీడిమెట్లకు బయలుదేరారు. ఆ అమ్మాయి బల్ల నిండా సీసాలు, ప్రతి సీసా మీదా టేపు ముక్క, దాని మీద పెన్నుతో రాసిన పేరు. సీసాలకు అంటించే లేబుళ్ళు ప్రయోగశాల అంగట్లో ఉన్నాయి. ఆ అంగడి ఆమెకు మేమెప్పుడూ తెరవలేదు. అటువంటివి దొరుకుతాయనే ఆమెకు తెలియదు. ఓబులేసు గారు లేచి, ఆ కుర్చీని మళ్ళీ బల్ల కిందికి నెట్టి, "చూస్తివా పాపా? మూయాల్సింది కాదు, తెరవాల్సింది" అన్నారు. తిరుగుప్రయాణంలో ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు.

అలాగని అడిగినవారికల్లా తలుపులు బార్లా తెరిచే మెతక మనిషి కాదు. కొత్తగా వచ్చిన ఒక పెద్ద అధికారి తనకు అన్ని కేటలాగులూ కనపడాలని హుకుం జారీ చేశారు. ఓబులేసు గారు ఆయన గదికి వెళ్ళి, "ఆమ్లాల అంగడి కూడానా సార్?" అని అడిగారు. "అన్నీ అంటే అన్నీ" అన్నారు అధికారి. "అట్లయితే మీ కుర్చీలో ఒక్క నిమిషం కూర్చుంటా సార్, పని చూడాల గదా" అన్నారు ఈయన. గుమ్మంలో నిలబడ్డ నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అధికారి నిర్ఘాంతపోయి లేచి నిలబడ్డారు. ఈయన శుభ్రంగా కూర్చుని, అధికారి అంతకుముందు ఏమేం అడిగారో తెర మీద చూసి, "కాఫీ పొడి, డైరీలు. రెండంగళ్ళు చాలు సార్ మీకు. ఆమ్లం మీద పడితే సూటు పాడైపోతాది" అన్నారు. అధికారి ముందు ఎర్రబడి, ఆ తర్వాత పగలబడి నవ్వారు. ఆ రెండంగళ్ళతోనే సరిపెట్టుకున్నారు కూడా. తర్వాత ఎక్కడ కనపడినా "నా కుర్చీలో కూర్చున్న ఏకైక మనిషి" అని ఈయన్ను అందరికీ పరిచయం చేసేవారు.

ఇక రెండో సగం.

గత ఏడాది విభాగాలు కలిపేసినప్పుడు కేటలాగుల ప్రవేశాధికారం మొత్తం నా చేతికి వచ్చింది. ఓబులేసు గారిని సరఫరాదారుల వివరాలు సరిచూసే పనికి మార్చారు. ఆయన స్థానంలోకి ఆయన నేర్పిన నేనే వచ్చాను. ఆ రోజు ఆయన ఇంటి నుంచి ఓళిగలు, అంటే మన బొబ్బట్లు, చేయించుకుని వచ్చి, "మా పాప పెద్దదైపోయిందబ్బా!" అని అంతస్తంతా పంచారు. నిర్వ్యాజమైన ఆనందం అది. నాకు మాత్రం ఆ రోజు కూడా లోపల ఒక చిన్న ముల్లు. ఈయన పద్ధతి పాతది, దాన్ని మార్చి నా సత్తా చూపించాలి అని.

చూపించాను. ఒక్కొక్క మనిషి పనిని బట్టి అంగళ్ళు తెరిచే పద్ధతి ఎత్తేసి, ఊరిని బట్టి తెరిచే నియమం పెట్టాను. హైటెక్ సిటీలో కూర్చునేవాళ్ళకు కార్యాలయ సామగ్రి, జీడిమెట్లలో పనిచేసేవాళ్ళకు కర్మాగార సామగ్రి. ఒకే ఒక్క గీత. అంతా చప్పట్లు కొట్టారు. సమావేశంలో చివరి వరసలో ఉన్న ఓబులేసు గారు చెయ్యెత్తారు. "ఊరిని బట్టి పెడితే తప్పు పోతాది పాపా. పనిని బట్టి పెట్టు. ఈ మేడలో కూడా చేతులతో పని చేసేవాళ్ళు ఉండారు." నేనేమన్నానో అక్కడున్నవారికి గుర్తుండే ఉంటుంది. "ప్రతి కుర్చీలో కూర్చుని వచ్చేంత తీరిక మాకు లేదు సార్" అన్నాను. అంతా నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వుకు నేను గెలిచాననుకున్నాను. ఛీ, ఎంత పొగరు!

కొన్ని వారాల తర్వాత ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. "పాపా, కింద సెల్లారులో సరుకు దింపేకాడ యాదమ్మ ఉండాదే, డబ్బాలకు బిగించిన ప్లాస్టిక్ పట్టీలు ఉత్త చేతులతో కోస్తాంది. చేతులన్నీ గాట్లు. పాత చేతొడుగులు చినిగిపోయినాయి. జీడిమెట్ల భద్రతా సామగ్రిలో మందపువి ఉంటాయి. ముందు నేనే తెప్పిస్తా ఉంటి, ఇప్పుడు ఆ అంగడి నాకు కనపడ్డంల్యా. ఒక జత తెప్పియ్యమ్మా." యాదమ్మ ఖాజాగూడ నుంచి వచ్చే కాంట్రాక్టు మనిషి. కాంట్రాక్టు వాళ్ళకు ఈ సాఫ్ట్‌వేర్‌లో ప్రవేశమే ఉండదు, వాళ్ళకేం కావాలన్నా ఎవరో ఒక ఉద్యోగి అడిగి తెప్పించాలి. ఇదంతా విని నేను యాదమ్మ గురించి ఆలోచించానా? లేదు. నాకు ఒళ్ళు మండింది. నా నియమంలో తప్పుందని దెప్పడానికే చేతొడుగుల వంక పెట్టుకుని వచ్చాడీయన, అనుకున్నాను. తెర మీంచి కళ్ళు తిప్పకుండానే "టికెట్ పెట్టండి సార్" అన్నాను.

ఆయన సాఫ్ట్‌వేర్‌లో టికెట్, అంటే వినతి, పెట్టారు. నా నియమం దాన్ని "ప్రధాన కార్యాలయానికి వర్తించదు" అని తిప్పికొట్టింది. మళ్ళీ పెట్టారు. ఈసారి అది నా దగ్గరికే వచ్చింది. ఒక్క మీట నొక్కితే అయిపోయే పని. నొక్కలేదు. ఒక్క మినహాయింపు ఇస్తే నా నియమానికి మొదటి చిల్లు పడినట్టే, అదీ ఆయన చేతి మీదుగా పడినట్టే అన్న మొండితనం. తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టాను. పక్కన పెట్టినవి మరిచిపోవడానికి హైటెక్ సిటీలో ఎన్ని పనులు లేవు! మధ్యలో రెండుసార్లు ఆయన మెల్లగా గుర్తు చేశారు. రెండుసార్లూ నేను ఫోనులో ఉన్నట్టు చెయ్యి చూపించాను. ఒకసారి నిజంగానే ఫోనులో ఉన్నాను, ఇంకోసారి లేను.

ఆ రోజుల్లోనే ఆయన వేళ్ళకు అక్కడక్కడా ప్లాస్టర్లు కనపడేవి. ఇవాళ బొటనవేలికైతే రేపు చూపుడువేలికి. భోజనాల దగ్గర నేనే అందరి ముందూ ఎకసెక్కం చేశాను. "ఏంది సార్, ఇంట్ల కూరగాయలు తరుగుడు మీ మీదనే పడ్డదా?" ఆయన ఊర్బిండి కలుపుకుంటూ, "ఔ పాపా, ముసలితనంలో కత్తి పట్టేది నేర్చుకుంటాండా" అన్నారు. మేమంతా నవ్వుకున్నాం. తర్వాత ఎవరమూ దాని గురించి మళ్ళీ అడగలేదు.

ఆదివారం బజారు నుంచి నేరుగా లింగంపల్లిలోని వాళ్ళింటికే వెళ్ళాను. గుమ్మం నిండా చెప్పులు. వరండాలో ఆయన్ను పడుకోబెట్టి ఉన్నారు, మీద తెల్లటి వస్త్రం. వస్త్రం అంచున కనపడుతున్న చొక్కా జేబులో దువ్వెన ఉందో లేదో అని పిచ్చిగా చూశాను. ఆయన భార్య నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నారు. "వచ్చినావా పాపా? ఆపీసులో బాగుండెనా ఆయప్ప? ఇంటికాడ ఏమీ చెప్పేటోడు కాదు. అడిగితే, నాకేం తక్కువ, మా పాప ఉండాది గదా అనేటోడు." నేను "బాగున్నారమ్మా, అందరూ బాగా చూసుకున్నారు" అన్నాను. ఆ నిర్జీవ శరీరం పక్కనే నిలబడి, ఏడుస్తున్న మనిషి చెయ్యి పట్టుకుని అబద్ధం చెప్పాను. అంతకన్నా ఏం చెప్పగలిగేదాన్నో ఇప్పటికీ తెలియదు.

మర్నాడు నా వరసలో ఒక టికెట్ వచ్చి కూర్చుంది. ఓబులేసు గారి ఐడి మూసేయమని. మనిషి పోతే మన సంస్థలో మొదట కదిలేది ఇదే. మూయబోతూ ఆగాను. ఆయన ఎన్నేళ్ళు నెత్తీ నోరూ కొట్టుకుని నేర్పారు, మూసే ముందు వెళ్ళి కూర్చోమని. లేచి ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను. మధ్యాహ్న భోజనాల వేళ, చుట్టూ డబ్బాల చప్పుడు, మాటలు. బల్ల మీద సగం అయిపోయిన ప్లాస్టర్ల పెట్టె ఒకటి ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని, ఆయనకు తెర ఎలా కనపడుతుందో తెరిచి చూశాను.

కాగితాలు. పెన్నులు. టీ పొట్లాలు. అంతే.

ఈ సంస్థలోని ప్రతి అంగడినీ తన చేతులతో పేర్చి, ఒక్కొక్క సరుకునూ చూసి పెట్టిన మనిషికి నేను మిగిల్చింది అది. నా గీతకు ఆయన ఏ వైపున పడ్డారో నేను ఒక్కసారి కూడా చూడలేదు. "నాకు కనపడ్డంల్యా" అని ఆయన చెప్పారు. దెప్పుతున్నారని నేను అనుకున్నాను. ఆయన ఉన్న మాట చెప్పారు, అంతే. వెతికే చోట "చేతొడుగులు" అని కొట్టి చూశాను. మీరు కోరిన వస్తువు లభ్యం కాదు అని వచ్చింది. ఆ వాక్యం కూడా నేనే రాయించింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. పక్క బల్లవాళ్ళు గురువు గారి మీద ప్రేమతో ఏడుస్తున్నాననుకుని నీళ్ళు తెచ్చిచ్చారు.

ఆ సాయంత్రమే నియమం మార్చాను. ఊరి గీత తీసేసి పనిని బట్టి పెట్టాను. కాంట్రాక్టు వాళ్ళకు కావలసినవి అడగడానికి ప్రతి అంతస్తులోనూ, సెల్లారుకు కూడా, ఒక ఉద్యోగిని నియమించాను. ఏమీ గొప్పగా చెప్పుకోవడం లేదు, ఆయన చెయ్యెత్తి చెప్పిన రోజునే చేయవలసిన పని. మందపు చేతొడుగులు జీడిమెట్ల నుంచి బండిలో వచ్చాయి. ఎవరి చేతికీ ఇవ్వకుండా నేనే తీసుకుని సెల్లారులోకి దిగాను.

యాదమ్మ ఒక డబ్బా మీద వంగి ఉంది. చేతికి చీర పీలిక చుట్టుకుంది. నేనెవరో చెప్పాను. లేచి, చేతొడుగులు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"వచ్చినయా మేడం! సారు చెప్పనే చెప్పిండు గదా, నువ్వు పంపిస్తవని."

"ఏం చెప్పిండు యాదమ్మా?"

"మా పాప పెద్ద ఆఫీసరైంది, పనిల పడ్డది, గని మరువదు, జర ఓపిక పట్టు అన్నడు. నాకేం ఫికర్ లేదు సారూ అన్న. ఆయన ఊకోలె."

"ఊకోక ఏం జేసిండు?"

"పొద్దుగాల రైలు దిగి సక్కగ ఈడికే వచ్చెటోడు మేడం. బ్యాగు గా గోడకు పెట్టి, నా చేతుల నుంచి కత్తి గుంజుకొని, పట్టీలన్ని ఆయననే కోసెటోడు. వద్దు సారూ, మీ చేతులు తెగుతయంటే ఇనకపోయేది. చేతొడుగులు వచ్చేదాంక ఇది నా డ్యూటీ అనెటోడు. మొన్న శుక్రారం గూడ కోసిండు."

ఆ ప్లాస్టర్లు, నా ఎకసెక్కం, ఆయన నవ్వు అన్నీ కలిసి ఒక్కసారిగా నా మీద పడ్డాయి. యాదమ్మ చేతొడుగులు తొడుక్కుని, "సరిపోయినయి మేడం" అంది. నేను మెట్లెక్కి వచ్చేశాను.

మహానుభావులు పోయినప్పుడు వారి లోటు తీరనిదని రాస్తారు. మా విభాగంలో ఆ లోటు ఎట్లాంటిదో చెప్తాను. నేను తప్పు చేస్తే చెయ్యెత్తి చెప్పేవారు, చెప్పినా వినకపోతే ఆ తప్పును తన చేతుల మీద మోసేవారు, ఆ పైన నా పేరు చెడకుండా కాపాడేవారు ఇక లేరు. మీకు పుష్పాంజలి ఘటించే అర్హత నాకు లేదు ఓబులేసు గారూ, చేతులు జోడించడం తప్ప. మీ ఐడి మూసేశాను. మీరు నేర్పినట్టే, ముందు మీ కుర్చీలో కూర్చుని, చూసి, ఆ తర్వాతనే మూశాను. అందులో కూర్చోవడానికి మీరు పోయేదాకా ఆగాను సార్. క్షమించండి.